కట్టిన కట్ట విప్పరు

బోధన్‌లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు కొదవ లేదు గాని, భీమవ్వ చెయ్యి వేరు. పదేళ్లప్పుడు చాట ఒళ్లో పెట్టుకుంది, అరవై రెండేళ్లు వచ్చినా దించలేదు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం వేయడం, ఇరవై ఐదు కాగానే కట్ట కట్టడం. లెక్కపెట్టగా ఏనాడూ ఎవరూ చూడలేదు. నోరు వాడకట్టు ముచ్చట్లలో ఉంటుంది, చెయ్యి మాత్రం ఇరవై ఐదు దగ్గర తనంతట తనే ఆగుతుంది. కార్ఖానాలో ఆమె కట్టలను లెక్కపెట్టి చూసుకునేవాళ్లు లేరు. అంత నమ్మకం మరి!

అలాంటి మనిషి నిరుడు చలికాలం పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ. ఇంకో వారానికి, కోడలు రోజాను పట్టుకుని ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. కొడుకు శేఖర్ ఇక ఆగలేదు. బస్సెక్కించి నిజామాబాద్ తీసుకుపోయి, కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్‌లో చూపించాడు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అక్కడి డాక్టరు చెడ్డవాడేం కాదు. బయట ఇరవై మంది కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? గడియారం బొమ్మ గీసి పదకొండున్నర చూపించమన్నాడు. భీమవ్వ జన్మలో పెన్ను పట్టిందా? వంకర సున్నా ఒకటి చుట్టి ఊరుకుంది. తారీఖు అడిగాడు. తిథి అడిగితే చెప్పేదే గాని, తారీఖుతో ఆమెకేం పని? నూటిలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. ఆమె ఆయన ముఖంలోకి వింతగా చూసి నోరు మూసుకుంది. ముప్పైకి ఆరు మార్కులు. మతిమరుపు బాగా ముదిరిందని కాగితం రాసిచ్చారు.

ఇంటికి రాగానే శేఖర్ చేసిన మొదటి పని, తల్లి కత్తెర తీసి బీరువాలో పెట్టి తాళం వేయడం. చాట అటకెక్కింది. ప్రేమే, కాదనం. కానీ తాళం తాళమే.

"వేలు కోసుకుంటే ఎట్లనే అవ్వా? ఇన్నేండ్లు చేసినవు, సాలు. కూసోని తిను."

"తిన్నంక ఏం జేయాల్రా? మల్ల తినాల్నా?"

శేఖర్ వినలేదు. రెండు నెలలు భీమవ్వ గడపలో కూర్చుని కొంగు అంచును వేళ్లతో చుడుతూ, విప్పుతూ గడిపింది. నిజంగానే మతి పోయిందేమోనన్న భయం ఆమెకూ పట్టుకుంది. అందరూ కలిసి పిచ్చిదంటే పిచ్చెక్కక ఏమవుతుంది! కత్తెర చేతికొస్తే చాలు, ఇంకేమీ వద్దనుకుంది.

ఆ రోజుల్లోనే వర్ష వచ్చింది. బోధన్ పిల్లే, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. వెంట ఇంకో నలుగురు. బీడీలు చుట్టేవాళ్ల చేతులు లెక్క ఎలా పెడతాయో తెలుసుకోవాలట. వాడకట్టులో ఎవరిని అడిగినా భీమవ్వ ఇల్లే చూపించారు.

"గీల్లంత డాక్టర్లా బిడ్డా?" అంది భీమవ్వ భయంగా.

"కాదవ్వా. గీ సారు మెదడు గురించి సదివిండు. గా మేడం మనుషుల మాటల మీద సదివింది. గాయన కంప్యూటర్లకు తెలివి నేర్పుతడు. గా పెద్దసారేమో అసలు తెలివంటే ఏందని ఆలోచన జేస్తడు. అందరిదీ కలిపితే కాగ్నిటివ్ సైన్సు."

"ఒక్క తలకాయకు ఇంతమందా!" భీమవ్వ బుగ్గలు నొక్కుకుంది. "నా తలకాయల ఏం లేదని కాగితమే ఇచ్చిరి. ఉత్తగనే వచ్చిండ్రు."

వర్ష మూడు మాటలు చెప్పి, మళ్లీ అడుగుతాను, గుర్తుంచుకొమ్మంది. ఉప్పు, గొంగడి, రైలు. తర్వాత ఆ కాగితం తెప్పించుకుని చదివింది.

"నూటిలకెళ్లి ఏడు తియ్యమంటే ఎందుకు చెప్పలే అవ్వా?"

"ఎట్ల జెప్తనే? నూరంటే నాలుగు కట్టలు. కట్టిన కట్ట ఎవలన్న ఇప్పుతరా? దారం తెగుతది, ఆకు పగులుతది, ఒక్కటి పనికిరాదు. మా అవ్వ మొదలు నేర్పిందే గది. గంత సదువుకున్నాయనకు గా సంగతి తెల్వదాయె. మంది ముందల ఆయన ఇజ్జత్ ఎందుకు తియ్యాలని నేనే ఊకున్న."

వచ్చినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వర్ష కాస్త దగ్గరికి జరిగింది.

"సరే. చాటల నూరు బీడీలు ఇడిగ ఉన్నయి, కట్ట కట్టలేదు. ఏడు ఖరాబైనయని పారేసినవు. ఎన్నున్నయి?"

"మూడు కట్టలు, మీద పద్దెన్మిది."

"ఇంకో ఏడు తీస్తే?"

"మూడు కట్టలు, పదకొండు. ఇంకో ఏడు తీస్తే మూడు కట్టలు, నాలుగు. మల్ల తీస్తే రెండు కట్టలు, ఇర్వై రెండు. ఇంకెన్ని పారేస్తవే పిల్లా, తంబాకు నీ అత్తగారిదా?"

కంప్యూటరాయన ఫోనులో లెక్క సరిచూసుకుంటుంటే రోజా పడీ పడీ నవ్వింది. శేఖర్ ఒక్కడే నవ్వలేదు. రెండు నెలలుగా తల్లిని గడపలో కూర్చోబెట్టింది ఈ లెక్క కోసమా అని అతనికి ఏడుపొచ్చింది.

ఆ నవ్వులతోనే అయిపోతే ఎంత బాగుండేది! వర్ష ఆ మూడు మాటలు అడిగింది. భీమవ్వ "ఉప్పు" అంది. ఆ తర్వాత ఎంత తడుముకున్నా ఏమీ రాలేదు.

"నీకు అబద్ధం జెప్పనవ్వా," అంది వర్ష మెల్లగా. "మరుపు మొదలైనట్టే ఉన్నది. గాని కాగితంల రాసినంత లేదు. నిన్న మొన్నటి సంగతులు పోతున్నా, చేతికొచ్చిన పని చానా దినాలు నిలుస్తది." శేఖర్ వైపు తిరిగింది. "పెద్ద డాక్టరుకు మల్ల సూపిద్దాం, నేనొస్త అన్నా. పొయ్యి కాడ రోజక్క సూసుకుంటది. కత్తెర మాత్రం ఇయ్యి. దున్నుడు ఆపితే మంచి చెలక భూమి కూడ పడావు పడి గడ్డి మొలుస్తది."

"వేలు తెగితే?" అన్నాడు శేఖర్.

"తెగితే పసుపు పెడ్త," అంది భీమవ్వ. "మన దిక్కు పసుపుకు కరువా?"

వాళ్లు వెళ్లాక శేఖర్ బీరువా తెరిచాడు. భీమవ్వ చాట ఒళ్లో పెట్టుకుని, నానబెట్టిన ఆకు మీద కత్తెర ఆడించింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

"ఇటు కూసో బిడ్డా," అంది తలెత్తకుండానే. "ఒకనాడు నీ పేరు కూడ పోతది."

"గట్లనకు అవ్వా."

"పోతది. గా పిల్ల అబద్ధం జెప్పలే, నువ్వూ జెప్పకు. గానాడు నేనెవర్నే, నేనెవర్నే అని అడుగుకుంట నన్ను సతాయించకు. తెల్వకుంటే నాకు సిగ్గయితది. ఉత్తగ పక్కన కూసోని ఆకందియ్యి. నాకు ఆకందిచ్చేటోడు నా మనిషేనని నా చేతికైన ఎర్కయితది."

శేఖర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు తుడుచుకుని, తడి ఆకుల్లోంచి ఒకటి తీసి అందించాడు. భీమవ్వ దాన్ని వేళ్లతో తడిమి చూసింది.

"సిన్నగున్నదిరా. ఇంకోటియ్యి."