కాలువ వదిలిన రోజు కారు కింద

జూన్ నెలలో ఒక శనివారం ఉదయం ఏడుంబావుకి మా మావయ్యగారి ఊరి కాలువకి నీళ్లు వదిలారు. అందులో వింతేమీ లేదు. వేసవిలో కట్టేసిన కాలువలు తొలకరికి వదులుతారని కోనసీమలో పసిపిల్లలకి కూడా తెలుసు. అయితే ఆ నీళ్లొచ్చే దారిలో వెల్లకిలా పడుకుని, కారు కింద తల పెట్టుకుని ఉన్నవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. ఆ పూట ఒక కారు, ఒక బేసిను, పక్కచేను వారి నారుమడి, నేను, అందరం ప్రమాదంలో పడ్డాం. ఎవరు మర్యాదగా బయటపడ్డారో చివరికి తెలుస్తుంది. నేను కాదని ఇప్పుడే చెప్పేస్తాను.

అప్పట్లో నేను అమలాపురంలో కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. మా ఆవిడ పద్మ పుట్టిల్లు కొత్తపేట దగ్గర పల్లె. మావయ్యగారికి కొబ్బరితోట, కొంచెం వరి ఉండేవి. ముందు ఆయన మర్యాద గురించి చెప్పాలి. జరిగినదానికి సగం కారణం అదే. మిగతా సగం నేను.

పెళ్లయి ఏళ్లు గడిచినా ఆ ఇంట్లో నేను చుట్టాన్నే. నూతి దగ్గర చేద అందుకుంటే నా చేతిలోంచి తీసుకునేవారు. రాలిన కొబ్బరికాయ ఎత్తబోతే, "మీరెందుకండీ, కూచోండి" అనేవారు. ఆ వసారాలో నేను కూర్చున్నంత సేపు మా కాలేజీలో ఎండుమొక్కలు దాచే హెర్బేరియం బీరువా కూడా కూర్చుని ఉండదు. ఆయన ఒక్కసారి నాకు ఒక పని చెప్పాలని, ఇంటివాడికి చెప్పినట్టు చెప్పాలని నాకు చాలా కోరికగా ఉండేది. చెప్పడానికి నాలో ఆయనకి ఏం పనితనం కనిపించాలి?

ఆ ఏడు ఒక పాత చిన్నకారు కొన్నాను. సోమవారం అత్తయ్యగారినీ ఆయన్నీ అందులో ద్రాక్షారామం తీసుకెళ్లాలి. ఈ సంగతి మావయ్యగారు వీధిలో అందరికీ చెప్పేశారు, తెలిసినవాళ్లకి మళ్లీ చెప్పారు. కారుకి ఇంజినాయిలు మార్చే సమయం దాటింది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఇట్టే అయిపోయే పనే. కానీ ఆయన కళ్లెదుట, ఆయన వాకిట్లో, నా చేతుల్తో నేనే మారిస్తే? ఆ ఆలోచన వచ్చిన క్షణం నుంచీ నాకు మెకానిక్కులందరి మీదా చిన్నచూపు ఏర్పడింది.

కారుతో వచ్చిన చిన్న పుస్తకాన్ని పరీక్షకి చదివినట్టు చదివాను. అమలాపురంలో నూనెల దుకాణానికి వెళ్లాను.

"మాస్టారూ, మన ఎండలకి చిక్కటిదే ఆగుద్దండి. అందరూ ఇదే పట్టుకెల్తారు," అన్నాడు దుకాణదారు.

"పుస్తకంలో పల్చటిది పొయ్యమని ఉందండి."

"పుస్తకం రాసినోళ్లు మన ఎండ చూసేరాండి?"

నేను అక్కడే పాఠం మొదలుపెట్టాను. డబ్బా మీద అంకెల్లో మొదటిది చల్లటి ఇంజిన్లో నూనె ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుందనీ, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుందనీ, చిన్న ఇంజిన్లలో నూనె వెళ్లే దారులు సన్నగా ఉంటాయి కనక కంపెనీ చెప్పిందే పొయ్యాలనీ వివరించాను. అతను అంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆయ్," అని డబ్బా ఇచ్చాడు. "ఇంతకీ కిందున్న బోల్టు ఎటేపు తిప్పాలో తెలుసాండి?"

అది కూడా చదివేశానన్నాను. నూనె ఎంపికలో నేను పొరబడలేదు. పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి. ఈ కథలో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే.

శుక్రవారం సాయంత్రం ఊరు చేరాం. భోజనాల దగ్గర కూడా నా పక్కన ఆ పుస్తకం తెరిచే ఉంది.

"అల్లుడు గారండీ, రేపు పొద్దున్నే కాలవ వదుల్తారంటండి," అన్నారు మావయ్యగారు.

"ఆయ్," అన్నాను, బోల్టు కింద వేసే వాషరు బొమ్మ చూస్తూ.

"బోదెలోకి కూడా బాగానే వత్తాయంటండి నీళ్లు."

"ఆయ్," అన్నాను.

కాలువ నుంచి తోటకి నీళ్లు తెచ్చే సన్నటి పాయని మావాళ్లు బోదె అంటారు. మావయ్యగారి ఇంటి గేటు ముందు నుంచే ఆ బోదె వెళ్తుంది. దాని మీద కారు చక్రాలకి సరిపడా రెండు సిమెంటు పలకలు వేసి ఉంటాయి. మధ్యలో ఖాళీ. వేసవి కాబట్టి బోదె ఎండిపోయి ఉంది. కారుని ఆ పలకల మీద ఆపి, బోదెలోకి దిగి పడుకుంటే సరిగ్గా ఇంజిన్ కిందకి వస్తాం. పట్నంలో మెకానిక్కులు ఇందుకోసం గొయ్యి తవ్విస్తారు. మావయ్యగారి తాతగారు ఆ పని ఎప్పుడో చేసిపెట్టారు. ఇంత తెలివైన ఏర్పాటు ఆ ఊళ్లో ఇంతవరకూ ఎవరికీ తట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా అనిపించింది.

పొద్దున్నే పద్మ కాఫీ ఇస్తూ అడిగింది. "ఏవండీ, ఈ పని ఇంకోరోజు పెట్టుకోకూడదా?"

"అన్నీ చూసుకున్నాను."

"ఏం చూసుకున్నారు?"

"పుస్తకం."

ఆమె గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది. అత్తయ్యగారు మాత్రం వడియాల పిండి కలిపే బేసిను ఇమ్మంటే, "దాన్ని మళ్లీ నాకిత్తారాండి?" అని అడిగి ఇచ్చారు.

ఇంజిన్ కాసేపు నడిపి నూనె వెచ్చబడనిచ్చాను. ఆపి, బోదెలోకి దిగి పడుకున్నాను. బోల్టు తిరిగింది. నల్లటి నూనె బేసినులోకి ధారగా దిగింది. ఆ క్షణంలో నన్ను చూసి నేనే గౌరవించుకున్నాను. బోల్టుని పిడికిట్లో పట్టుకుని, ధార సన్నబడేదాకా చూద్దామని అలాగే పడుకున్నాను.

మావయ్యగారి పాదాలు గట్టు మీద కనిపించాయి.

"అల్లుడు గారండీ."

"ఆయ్, చెప్పండి."

"పనిలో ఉన్నారాండి?"

"ఇంకో పావుగంటండి."

"అబ్బే, తొందరేం లేదండి. కాఫీ ఏవన్నా తాగుతారేమోనని."

"తర్వాత తాగుతానండి."

పాదాలు కదల్లేదు. కాసేపటికి మళ్లీ మాట వినిపించింది.

"కింద చల్లగా ఉందాండి?"

నిజమే, వీపు కింద చల్లగా తగులుతోంది. "చాలా హాయిగా ఉందండి. చెట్ల నీడ కదండీ."

"ఆయ్." ఒక పాదం గట్టు అంచుకి జరిగింది. "నీడ కాదేమోనండి."

"మరేంటండి?"

"అంటే, మీరేవన్నా ఆలోచన మీద ఉన్నారేమో, మజ్జిలో నేను చెప్పడం బాగుంటదో లేదో..."

ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. నా చెవి పక్కనుంచి ఎండుటాకులు తోసుకుంటూ నీళ్లొచ్చాయి. అప్పటిదాకా నెమ్మదిగా పాకుతున్న నీళ్లకి పైన తూము దగ్గర ఎవరో తలుపు పూర్తిగా ఎత్తినట్టున్నారు. నిండు బేసిను పడవలా పైకి లేచి నా గడ్డానికి తగిలింది. నేను తల ఎత్తాను. తల కారుకి తగిలింది. పిడికిలి విడిపోయింది, బోల్టు పోయింది.

"ఒరేయ్ లెగరా, నీళ్లొచ్చేత్తన్నాయి, లెగెహె!"

ఆ గొంతు ఎవరిదో నాకు అర్థం కాలేదు. ఎవరో నా రెండు కాళ్లూ పట్టుకుని, బురదలోంచి మొద్దుని లాగినట్టు బయటికి లాగారు. నిలబడి కళ్లు తుడుచుకుని చూస్తే, మోకాళ్ల దాకా పంచె ఎగ్గట్టి బోదెలో నిలబడి ఉన్నది మావయ్యగారు. బేసిను వాలిపోయి, నూనె నల్లటి పొరలా నీళ్ల మీద పరుచుకుని కిందికి బయల్దేరింది. ఆ కింద పక్కచేను సుబ్బారావుగారు నారుమడి దుక్కి చేసి, విత్తనం నానబెట్టి, ఈ నీళ్ల కోసమే ఎదురుచూస్తున్నారు. ఆయన ఏడాది పంట మొలకెత్తేది అక్కడ.

"చూత్తావేంట్రా, పార అందుకో. అమ్మా పద్దూ, పైన తూముకి గోనె కుక్కెయ్యి."

నేను పార అందుకున్నాను. పద్మ పైకి పరిగెత్తింది. ఆయనా నేనూ నూనె కంటే ముందు పరిగెత్తి, దిగువన బోదెకి అడ్డంగా మట్టి వేశాం. మట్టలు వేశాం. మళ్లీ మట్టి వేశాం. "కింద నుంచి తియ్యి, పైపైన గోకుతావేంటి," అని ఆయన అంటున్నారు. నేను తీస్తున్నాను. కట్ట నిలబడింది. తోటలోంచి కొబ్బరి పీచు బస్తాలతో తెచ్చి నీళ్ల మీద పరిచి, నూనె పీల్చుకున్న పీచుని ఎత్తి గట్టున పోశాం. ఎండెక్కేసరికి ఇద్దరం తల నుంచి కాలి దాకా ఒకే రంగులో ఉన్నాం. నారుమడికి ఒక్క చుక్క కూడా చేరలేదు.

అత్తయ్యగారు గట్టు మీద నిలబడి నోరు నొక్కుకున్నారు. "అల్లుడు గారిని పట్టుకుని ఆ మాటలేంటండి?"

మావయ్యగారికి అప్పుడు గుర్తొచ్చింది. పార కింద పెట్టి, తలపాగా తీసేశారు.

"కంగార్లో నోరు జారిందండి. మీరు మనసులో పెట్టుకోకండి."

"పెట్టుకుంటానండి," అన్నాను.

ఆయన నా మొహం కేసి చూసి, నేను నవ్వుతున్నానని రూఢి చేసుకుని అడిగారు. "మరి నీళ్లొత్తాయని రాత్రి చెప్పేను కదండీ?"

"విన్నానండి, అర్థం చేసుకోలేదు. పొద్దున్న మళ్లీ చెప్పాల్సిందండి."

"చదువుకున్నోరు, ఏదో లెక్కుంటదనుకున్నానండి. నూనె తీసేకా నీళ్లతో కడుగుతారేమోనని."

కొత్త నూనె డబ్బా వసారాలో భద్రంగా ఉంది. పొయ్యడానికి కింద బోల్టు లేదు. మావయ్యగారు డబ్బాని, కారుని, నిండుగా ఉన్న బోదెని వరసగా చూసి, ఎంతో మర్యాదగా అన్నారు.

"ఆ బోల్టు ఎక్కడికీ పోదులెండి. కాలవ కట్టేసేకా తీసుకుందురుగాని."

కొత్తపేటలో వేరే బోల్టు దొరికేదాకా కారు పలకల మీదే నిలబడింది. వచ్చేపోయేవాళ్లు దాని పక్కనుంచి ఒదిగి నడిచారు, కారణం అడిగారు, మావయ్యగారు ఓపిగ్గా చెప్పారు. ద్రాక్షారామం బస్సులో వెళ్లాం. బేసిను సంగతి అత్తయ్యగారు మళ్లీ ఎత్తలేదు.

ఆయన నన్ను "ఒరేయ్" అని మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. కానీ మరుసటి వేసవిలో ఫోన్ చేశారు. "బోదెలో పూడిక తియ్యాలండి. మీకు ఖాళీ ఉంటేనేనండి," అన్నారు. వెళ్లేసరికి వసారాలో రెండు పారలు గోడకి ఆనించి ఉన్నాయి. పలకల కింద ఆయన పారకి బోల్టు తగిలింది. పంచెతో తుడిచి ఇచ్చారు. "తమరిదేనేమో చూడండి." ఆ తర్వాత ఏటా కాలువ వదిలే ముందు ఆ ఫోన్ వచ్చేది. ఏటా రెండు పారలుండేవి.

అందుచేత, ఆ తుప్పుపట్టిన బోల్టు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను వెల్లకిలా పడుకుని చేసే పని ఏదీ పెట్టుకోను. గట్టు మీద నిలబడి ఎవరైనా కాఫీ తాగుతారా అని అడిగితే, చేతిలో ఉన్నది అక్కడే వదిలేసి లేచి వస్తాను.

మావయ్యగారు పోయారు. తోట కౌలుకిచ్చాం. కౌలుదారు మోటారు వేసుకున్నాడు. ఆ బోదెలో ఇప్పుడు ఎవరూ పూడిక తియ్యడం లేదు.