రాగి పళ్ళెం మీద ఫోన్

ఇంజనీరింగ్ రెండో ఏడులో నా ఫోన్‌కి ఎవరైనా చేస్తే, అది మోగేలోపే అవతలివాళ్ళకి విసుగొచ్చి పెట్టేసేవారు. స్క్రీన్ మీద పేరు కనపడేసరికి అది మిస్డ్ కాల్ అయిపోయేది. కొని ఏడాదైనా కాలేదు, ఇంకోటి కావాలని ఇంట్లో అడగడానికి నోరు రాలేదు.

"ఇది స్మార్ట్‌ఫోన్ కాదే, బద్ధకం ఫోను" అనేది నా స్నేహితురాలు. మేమిద్దరం మైలవరం వైపున్న కాలేజీకి ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. నేను బెంజ్ సర్కిల్‌లో ఎక్కి పక్క సీట్లో బ్యాగు పెట్టి ఆపితే, తను వన్ టౌన్ దగ్గర ఎక్కేది. వాళ్ళ నాన్నగారికి అక్కడ రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు ఉంది. కొట్టు మీదే ఇల్లు.

ఒకరోజు బస్సులో తన ఫోన్ నా ఒళ్ళో పడేసి, "చదువు" అంది. మా మోడల్ ఫోన్ ఉన్నవాళ్ళంతా చేరి కబుర్లు చెప్పుకునే ఫోరం అది. అక్కడే మొదటిసారి కెర్నల్ గురించి తెలిసింది. ఫోన్‌లో పనంతా చేసే చిప్ ప్రాసెసర్ అయితే, అది ఎంత వేగంగా నడవాలో చెప్పే ప్రోగ్రామ్ కెర్నల్. కంపెనీవాళ్ళు జాగ్రత్త కోసం ఆ వేగాన్ని కాస్త కిందే ఆపుతారు. ఎక్కడెక్కడివాళ్ళో సొంతంగా కెర్నళ్ళు రాసి, ఆ హద్దు ఎత్తేసి, ఊరికే నెట్‌లో పెడతారు. వాటిని మన ఫోన్‌లోకి ఎక్కించి వేగం పెంచుకోవడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు.

"పాడైతే?" అన్నాను.

"పాడైతే ఇటుకరాయి. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకో. ఇప్పుడు మాత్రం అంతకంటే ఏం వెలగబెడుతోంది?"

"సెలవులు రానీ, చూద్దాం" అన్నాను.

వేసవి సెలవులివ్వగానే వాళ్ళింటికి వెళ్ళాను. మేడ మీద గదిలో ఫ్యాను వడగాలినే తిప్పి తిప్పి మా మీదకి కొడుతోంది. ఫోన్‌ని లాప్‌టాప్‌కి తగిలించి, ఫోరంలో చెప్పినవన్నీ ఒక్కొక్కటే చేసి, కొత్త కెర్నల్ ఎక్కించాం. ఫోన్ ఆఫయింది. మళ్ళీ వెలిగి, కంపెనీ బొమ్మ చూపించి, అక్కడే ఆగిపోయింది. ఎంతసేపు చూసినా ఆ బొమ్మే. ఇటుకరాయి అనే మాట ఇద్దరి నోటిదాకా వచ్చి ఆగింది. మా నాన్నకి ఏం చెప్పాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను. మొదటి వాక్యం కుదిరేలోపే ఫోన్ తెరుచుకుంది.

ఏది నొక్కితే అది వెంటనే వచ్చేస్తోంది! వేలు ఇంకా స్క్రీన్ మీద ఉండగానే కెమెరా తెరుచుకుని మా ఇద్దరి ముక్కులు చూపించింది. మేం మంచం ఎక్కి గెంతాం. కింద కొట్లోంచి వాళ్ళ నాన్న కేకేశారు.

"ఏంటమ్మా పైన? కప్పు కూల్చేస్తారా ఏంటి?"

అక్కడితో ఆగొచ్చు. మేం ఆగలేదు. ఫోరంలో అందరూ ఒక పరీక్ష పెట్టి స్కోర్లు రాసుకుంటున్నారు. పరీక్షంటే ఫోన్ చేత గుక్క తిప్పుకోకుండా పని చేయించే ఒక యాప్. మా మోడల్‌లో అందరికంటే పైనున్నవాడు ఎక్కడో చలిదేశంలో, ఫోన్‌ని కిటికీ బయట మంచులో పెట్టి ఆ స్కోరు కొట్టాడట.

"మంచులో పెట్టి గెలవడం కూడా ఒక గెలుపేనా? రోహిణి కార్తెలో బెజవాడ రమ్మను చూద్దాం" అంది నా స్నేహితురాలు. తనకి పౌరుషం వచ్చిందంటే ఇక నా చేతుల్లో ఏమీ ఉండదు.

వేగం చివరిదాకా పెంచి పరీక్ష మొదలుపెట్టాం. ఫోన్ పెనంలా కాలి, సగంలోనే ఆరిపోయింది. తడిగుడ్డ చుట్టినా, కుండ మీద పెట్టినా అంతే. అప్పుడు తను ఒక్కసారిగా లేచి నిలబడింది.

"కంప్యూటర్లలో వేడి లాగడానికి ఏం వాడతారే?"

"రాగి."

ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మెట్లు దిగి కొట్లోకి పరిగెత్తాం. కింద నేల నుంచి కప్పు దాకా రాగే.

వాళ్ళ నాన్న అంతా విని, "పళ్ళెం ఇస్తాను గానీ, సరుకు కొట్టు దాటదు. ఏం చేసుకున్నా ఇక్కడే" అన్నారు. దాంతో కొట్లోనే సోడా కొట్టు నుంచి తెచ్చిన ఐసు బేసిన్‌లో పోసి, పైన రాగి పళ్ళెం బోర్లించి, ఫోన్‌ని పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాని మీద పడుకోబెట్టాం. పరీక్ష మొదలైంది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ లోపలికొచ్చారు. మైలవరం దగ్గర పల్లెటూరట, గృహప్రవేశానికి సామాన్లు కొనాలట. కొట్టంతా కలయజూసి ఆవిడ వేలు పెట్టి చూపించింది ఐసు మీదున్న మా పళ్ళెమే.

"అది చూపించండి."

"అలాంటివే లోపల బోలెడున్నాయమ్మా, తీయిస్తాను" అన్నారు స్నేహితురాలి నాన్న.

"అదే బాగుంది. అయినా ఫోనుకేంటండీ, జ్వరమా?"

"అవునండీ, కాసేపు కదపకూడదు" అంది నా స్నేహితురాలు, ఆసుపత్రిలో నర్సంత గంభీరంగా. నాకు నవ్వు పొంగుకొచ్చి బిందెల వెనక్కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆవిడ స్టూలు లాక్కుని ఫోన్ పక్కనే కూర్చుని ఉన్నారు. ఆవిడ కోసం పెట్టిన ఫ్యాన్‌ని ఆవిడే ఫోన్ వైపు తిప్పారు. స్నేహితురాలి నాన్న కూడా గల్లాపెట్టె వదిలి వచ్చి నిలబడ్డారు. స్క్రీన్ మీద గీత మెల్లగా ముందుకు పాకుతోంది. ఇందాక ఆరిపోయిన చోటు దాటింది. నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని గోళ్ళు దించేస్తోంది.

స్కోరొచ్చింది. మంచువాడి కంటే కాస్త ఎక్కువ!

మేం వేసిన కేకకి పక్క కొట్టువాళ్ళు తొంగిచూశారు. మైలవరం ఆవిడ కూడా లేచి చప్పట్లు కొట్టి, ఆ తర్వాత అడిగారు.

"పాసయ్యామా?"

"ఫస్టండీ! మనమే ఫస్టు!"

"అయితే ఈ పళ్ళెమే కట్టండి. అచ్చొచ్చిన వస్తువు" అని, తడి తుడవనివ్వకుండానే పట్టుకుపోయారు.

స్కోరు ఫొటో ఫోరంలో పెట్టాం. మంచువాడు వెంటనే రాశాడు, చల్లబరచడానికి ఏం వాడారు అని. "నాన్న కొట్లో పళ్ళెం, సోడా కొట్టు ఐసు" అని రాసింది నా స్నేహితురాలు. వాడు వరసగా నవ్వు బొమ్మలు పెట్టి పళ్ళెం ఫొటో అడిగాడు. అదప్పటికే మైలవరం బస్సెక్కేసింది.

ఇంతలో స్నేహితురాలి నాన్న జేబులోంచి తన ఫోన్ తీసి మా ముందు పెట్టారు. నొక్కుడు బటన్ల ఫోన్, నంబర్లు సగం అరిగిపోయాయి.

"ఆ కెర్నలేదో మిగిలుంటే దీంట్లో కూడా కాస్త పొయ్యండమ్మా."

నవ్వు ఆపుకోలేక మాకు ఊపిరాడలేదు. మేమెందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా ఆయన కూడా నవ్వేశారు.

మా మొదటి స్థానం ఎక్కువ కాలం నిలవలేదు. ఇంకెవడో మమ్మల్నీ మంచువాణ్ణీ కలిపి దాటేశాడు. ఐసు లేకుండా ఆ వేగం నిలవదు కాబట్టి, కొంచెం తగ్గించి పెట్టుకుని చదువు అయిందాకా ఆ ఫోనే వాడాను.

అలా ఫస్టొచ్చిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళగానే మా అమ్మ నా మొహం చూసి, "ఏంటే, అలా వెలిగిపోతున్నావు?" అంది.

"ఫస్టొచ్చామమ్మా."

"సెలవుల్లో ఫస్టేంటి?"

అన్నం దగ్గర కూర్చుని కెర్నల్, ఐసు, పళ్ళెం, మంచువాడు అన్నీ చెప్పాను. అమ్మ అన్నీ విని నాన్న వైపు తిరిగి, "పిల్ల దేంట్లోనో గెలిచిందిటండీ" అంది. కొత్తావకాయ అన్నంలో ఇంకో గరిటెడు నెయ్యి పోసింది.