క్లిక్ వద్దన్న డ్రమ్మరు

2022లో ఆషాఢ మాసం ఆఖరి మూడు రోజులు. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల గోడౌన్ పైన మా రికార్డింగ్ స్టూడియో. మైకులు కొన్నది మీ తాతయ్యే గానీ, ముప్పై ఏళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్న రికార్డిస్టుని నేను. ఆ ముక్క కూడా రాయవే మనవరాలా, చాలామందికి తెలీదు. భజనలు, క్రైస్తవ గీతాలు, ఎలక్షన్ పాటలు ఎన్ని చేశానో నాకే గుర్తులేదు. కానీ ఆ మూడు రోజుల్లో నన్ను విసిగించినట్టు ఇంకెవరూ విసిగించలేదు.

వచ్చింది దానియేలు. నలభై ఏళ్ళ మనిషి, ఉయ్యూరులో పిల్లలకి డ్రమ్స్ నేర్పుతాడు, ఆదివారం చర్చిలో వాయిస్తాడు. తను కట్టిన పాటలతో జాజ్ ఆల్బమ్ చేయాలని పట్టుబట్టాడు. ఐదుగురి బృందానికి డ్రమ్మరే పెద్ద. పాటని సగం ముందే అనుకుని, మిగతా సగం ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు వాయిస్తారట. ఐదు పాటలు. నాలుగు దానియేలువి. ఐదోది శాక్సఫోన్ వాయించే సుందర్రావు గారిది. ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. బ్యాండు మేళంలో పెళ్ళిళ్ళకి వాయిస్తూనే బతుకంతా గడిచింది, సొంత పాట ఒక్కటీ ఎక్కడా రికార్డు కాలేదు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢంలోనే ఆయనకి తీరిక. నాలుగో రోజు శ్రావణం. పొద్దున్నే గన్నవరంలో ఊరేగింపు ఒప్పుకుని ఉన్నాడు.

మా పద్ధతి ఒకటుంది. ముందు డ్రమ్స్ ఒక్కటే రికార్డు చేస్తాం. చెవిలో 'క్లిక్' పెడతాం, అంటే గడియారంలా టక్ టక్ మని కొట్టే లెక్క. ఆ లెక్క మీద ఒక్కొక్కరూ విడివిడిగా వచ్చి వాయించి పోతారు. తప్పొస్తే ఆ ముక్క కోసి సరిచేస్తాం.

"క్లిక్ వద్దు మేడమ్ గారూ," అన్నాడు దానియేలు. "అందరం ఒకే గదిలో కూర్చుంటాం."

"కూర్చోడానికి ఇదేమన్నా పేరంటమా? ఒకరి సౌండు ఇంకొకరి మైకులో పడుద్ది. దాన్ని బ్లీడ్ అంటారు. తర్వాత ఒకడి తప్పు దిద్దాలంటే ఐదుగురినీ కొయ్యాలి."

"దిద్దొద్దండీ."

"దిద్దకపోతే నేనెందుకయ్యా ఇక్కడ?"

చివరికి నా మాటే నెగ్గింది. మొదటి రోజంతా దానియేలు ఒంటరిగా గాజు గదిలో వాయించాడు. పాట మధ్యలో ఆగిపోయేవాడు. "ఇక్కడ సుందర్రావు గారు ఏం చేస్తారో తెలిస్తే గదా నేను చేసేది!" అనేవాడు. ఏం చేస్తాడు, వాయిస్తాడు! నేను మళ్ళీ మొదట్నించీ పెట్టేదాన్ని.

రెండో రోజు సుందర్రావు గారిని పిలిచి, చెవిలో ఆ డ్రమ్స్ పెట్టాను. పాపం, నాలుగు ముక్కలు ఊది హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

"అమ్మా, పెళ్ళికొడుకు లేకండా ఊరేగింపు తీసినట్టుందమ్మా."

"కళ్ళు మూసుకుని వాయించండి, ఉన్నాడనుకోండి."

వాయించాడు. ఎక్కడో ముందుకి పోయాడు, ఎక్కడో వెనకబడ్డాడు. సాయంత్రం దాకా కూర్చుని ఆ తేడాలన్నీ కోసి, లాగి, క్లిక్ మీదికి తెచ్చాను. గీత గీసినట్టు కుదిరింది. గర్వంగా అందర్నీ పిలిచి వినిపించాను. సుందర్రావు గారు అన్నాడు: "ఎవరోగాని బాగా వాయించాడమ్మా."

నాకు ఒళ్ళు మండింది. రెండు రోజుల నా కష్టం అలా తీసిపారేశాడు. దానియేలు మాత్రం తల వంచుకుని, "రేపొక్క రోజే ఉంది మేడమ్ గారూ," అన్నాడు. తిట్టినా బాగుండేది.

మూడో రోజు పొద్దున్నే, "మీ ఇష్టం, తర్వాత నా దగ్గరికొచ్చి ఏడవొద్దు," అని ఐదుగురినీ ఒకే గదిలో వదిలాను. కింద గోడౌన్‌లో గిన్నెలు దించుతున్న చప్పుడు కూడా మైకుల్లో పడుతోంది. ఇంక ఏమైనా కానీ అని గాజు అవతల కూర్చున్నాను.

రెండో పాటలో చూశాను. ఒకచోట పాట కొంచెం నెమ్మదించింది. నా వేళ్ళు అలవాటుగా కంప్యూటర్లో ఆ చోట గుర్తు పెట్టేశాయి, తర్వాత దిద్దాలని. తలెత్తితే దానియేలు డ్రమ్స్ వంక చూడటం లేదు. సుందర్రావు గారి భుజాల వంక చూస్తున్నాడు. ఆ వయసులో ఆయనకి ఊపిరి తీసుకోడానికి ఒక్క క్షణం ఎక్కువ కావాలి. భుజాలు పైకి లేచి కిందికి దిగేదాకా దానియేలు డ్రమ్స్ పక్కనున్న ఇత్తడి తాళం మీద తేలిగ్గా పుల్లలాడిస్తూ ఆగాడు. ఆ ఊపిరి అందాక పెద్దాయన అందుకున్న స్వరం ఉంది చూడూ, అంతవరకూ నేను వినలేదు దాన్ని. ముందు రోజంతా నేను కోసి పారేసినవి సరిగ్గా ఇలాంటి ఊపిరి చోట్లే.

గుర్తులన్నీ చెరిపేశాను.

నాలుగు పాటలు వచ్చాయి. ఐదోదానికి సాయంత్రం అయిదు దాటింది. సుందర్రావు గారు మూడుసార్లు ఎత్తుకున్నాడు, మూడుసార్లూ మధ్యలో గాలి జారిపోయింది.

"పెదవి నిలవట్లేదమ్మా. పొద్దున్నే మళ్ళీ ఊరేగింపు."

"సుందర్రావు గారూ, మీ పాటే మిగిలిపోయింది. నా వల్లే," అన్నాను.

"పోన్లెండమ్మా, నా పాటేగా, యాడికి పోద్ది?" అని శాక్సఫోన్ తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు.

ఆల్బమ్ నాలుగు పాటలతోనే వచ్చింది. బాగుందన్నారు అందరూ. మళ్ళీ ఆయనకి తీరిక దొరికే ఆషాఢం వచ్చేసరికి డాక్టరు ఊదడం మాన్పించాడు.

ఇప్పుడు మన స్టూడియోకి ఎవరొచ్చినా, మైకులు పెట్టకముందు నేనొక మాట అడుగుతాను: "మీలో ఎవరు ఎవర్ని చూస్తూ వాయిస్తారు?" వాళ్ళ కుర్చీలు ఎదురెదురుగా వేశాకే మైకు తీగలు బయటికి తీస్తాను. ఈ చిన్న ప్రశ్న నేర్చుకోడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది, సుందర్రావు గారికి ఉన్న ఒక్క పాటా ఖర్చయింది.