నా చట్టబద్ధమైన నాగజెముడు

నేను చేసిన తప్పులెన్నో నాకు తెలుసు. రాసిపెట్టుకున్నాను కాబట్టి తెలుసు. అందులో చాలావరకు కూడికలో ఒకటి మరిచిపోవడం లాంటి చిన్నాచితకావి. ఒక్కటి మాత్రం అలాంటిది కాదు. అందులో లెక్క ఎక్కడా తప్పలేదు. ప్రతి అంకె ముచ్చటగా సరిపోయింది. సరిపోయిన అంకెలతోనే మనిషి ఎంత ఘోరం చేయగలడో చెప్పడానికి ఇది రాస్తున్నాను. నవ్వదలచిన వాళ్లు ముందు సగంలోనే నవ్వేసుకోండి. తర్వాత అంత వీలు ఉండదు.

డెబ్బైలు ముగుస్తున్న రోజులు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. కాజీపేట యార్డులో వచ్చీపోయే గూడ్సు బండ్ల వ్యాగన్లు లెక్కపెట్టి రాసుకోవడం నా ఉద్యోగం. పదో తరగతి గట్టెక్కలేదు గానీ లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. కదిలిపోతున్న బండికి ఎన్ని పెట్టెలో వేళ్లు ముడవకుండా చెప్పేవాణ్ని. దాంతో టోపీలు పట్టనంత తల పెరిగింది. పెళ్లిలో మూడు ముళ్లు వేస్తూ "ఒకటి, రెండు, మూడు" అని పైకి అన్నానని మా ఆవిడ సుగుణ ఇప్పటికీ చెబుతుంది. అబద్ధం. మూడు ఒక్కటే పైకి అన్నాను.

మా క్వార్టరు ముందు పది అడుగుల మట్టి జాగా ఉండేది. సుగుణ గులాబీలు పెడదామంది. కొళాయి పొద్దున ముప్పావు గంట వస్తుంది. నేను పలక తీసి కూర్చున్నాను. గులాబీకి రోజుకు రెండు చెంబులు. ఆరు గులాబీలకు పన్నెండు. ఏడాదికి నాలుగు వేల మూడు వందల ఎనభై చెంబులు. అదే నాగజెముడుకైతే నెలకు ఒకటి, ఏడాదికి పన్నెండు.

"కాబట్టి నాగజెముడు," అన్నాను.

"గులాబీలడిగితే ముండ్లు తెస్తనంటరేంది?" అంది సుగుణ.

"గులాబీకి గూడ ముండ్లుంటయి గదా?"

"పువ్వులు లేకున్న మంచిదే, ముండ్లొక్కటే సాలని నేనెప్పుడన్న అన్ననా?"

ఆ ప్రశ్నకు పలక మీద జవాబు రాలేదు కాబట్టి, దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆదివారం పొద్దున్నే గునపం, గోనెసంచి, ఆఫీసు నుంచి తెచ్చిన యాభై అడుగుల గుడ్డ టేపు సైకిలుకు కట్టుకుని హసన్‌పర్తి దాటి గుట్టల వైపు పోయాను. అక్కడ దొరికింది. మోకాలు దాటిన ఎత్తు, అరచేతుల మీద అరచేతులు అతికించినట్టు దళసరి మట్టలు, కొసన రెండు పసుపు పూలు. గునపం ఎత్తానో లేదో వెనక నుంచి కేక.

"ఓ సారూ! చెయ్యి దియ్‌ ఆడికెల్లి!"

ఖాకీ చొక్కా, నెరిసిన గడ్డం, చేతిలో కర్ర. అడవి గార్డు జానీమియా.

"ఇది రిజర్వు అడివి సారూ. ఎండు పుల్ల ముట్టినా కేసే. జెముడు గిముడు అని చూడ. ఫికర్ లేకుండ తవ్వుతున్నవేంది?"

వేరేవాడైతే దండం పెట్టి సైకిలెక్కేవాడు. నేను చట్టం ఎక్కడ మొదలవుతుందో అడిగాను.

"అడివి ఏడికెల్లి ఏడిదాక, భాయ్?"

అతను కర్రతో చూపించాడు. సున్నం పూసిన రాళ్లు వరుసగా పోతున్నాయి. రాళ్లకు గుట్ట వైపున్నదంతా అడవి. దగ్గరలో ఉన్నది పద్నాలుగో నంబరు రాయి. నాగజెముడు రాళ్లకు ఇవతల ఉంది. నేను సంతోషంతో టేపు తీశాను. ఒక కొస జానీమియా చేతిలో పెట్టి రాయి మీద పట్టుకోమన్నాను. ముప్పై ఏడు అడుగులు.

"బయట ఉన్నది, భాయ్! ముప్పై ఏడు అడుగులు బయట!"

"అడివి గాదు, సరే," అన్నాడు జానీమియా గడ్డం గోక్కుంటూ. "మరెవలదో పట్వారీనడుగు సాబ్. ఊరిదో, ఇంకెవలదో."

"అడివిది కాదని తేలింది గదా. ఇంకెవలది అయితేంది?"

పాఠకులు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. నేను మరిచిపోదామని చాలా ఏళ్లు ప్రయత్నించాను.

అంతటితో ఆగానా? జేబులో కాగితం తీసి రాశాను: 'పద్నాలుగో నంబరు సరిహద్దు రాయికి ముప్పై ఏడు అడుగుల దూరాన, రిజర్వు అడవికి బయట ఉన్న నాగజెముడు ఒకటి, కాజీపేట రైల్వే క్వార్టరు నివాసి తన వాకిటి నిమిత్తం తీసుకొనడమైనది. ఇందులో అటవీ శాఖకు ఆక్షేపణ లేదు.' కింద నా పేరు, క్వార్టరు నంబరు. ఇలాంటిదే ఇంకొకటి రాసి జానీమియాకు ఇచ్చాను. అతను రెండింటి మీదా సంతకం చేసి, "ముండ్ల చెట్టుతోని పెండ్లికి నిఖానామా రాసినవ్ సారూ," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

తవ్వేముందు నోటుపుస్తకంలో అన్నీ రాసుకున్నాను. ఇప్పటికీ ఉంది ఆ పేజీ. 'పన్నెండు రోజులుగా వాన లేదు. మొదలు దగ్గర మట్టి తడి. మొదలు చుట్టూ నున్నటి రాళ్లు ఏడు, వరుసగా.' ఈ రెండు వాక్యాలు చదివితే కళ్లున్న ఎవడైనా గునపం కింద పెడతాడు. నేను ఏడు రాళ్లనూ సంచిలో వేసుకున్నాను, ఇంటి దగ్గర మొక్క చుట్టూ అందంగా ఉంటాయని. జానెడు లోతు తవ్వేసరికి మొక్క ఊడి వచ్చింది. ఇంకో మూరెడు తవ్వి ఉంటే ఏమయ్యేదన్న లెక్క మాత్రం నేను ఎన్నడూ వేయలేదు.

సైకిలు మీద నాగజెముడు నా వీపును ఆనుకుని కూర్చుని వచ్చింది. ఇల్లు చేరాక సుగుణ నన్ను బోర్లా పడుకోబెట్టి ముళ్లు తీసింది. అరవై నాలుగు. లెక్కపెట్టింది నేనే, ఒక్కొక్క కేకకూ ఒకటి చొప్పున.

సగానికి కోసిన డ్రమ్ములో నాటాను. కాగితాన్ని గూట్లో పెట్టి, వచ్చినవాళ్లకల్లా చూపించాను. "ముండ్ల చెట్టుకు గూడ పాస్‌పోర్టా?" అన్నాడు పక్క క్వార్టరాయన. అసూయ అనుకున్నాను. ఆ వారంలో మూడు రోజులు ఆగకుండా వాన కొట్టింది. నెలకొక చెంబు కూడా మిగిలిందని మురిసిపోయాను.

పదో రోజు పొద్దున గేటు దగ్గర ఒకామె నిలబడింది. పాతికేళ్లు ఉంటాయేమో. కాళ్లకు చెప్పుల్లేవు, మోకాళ్ల దాకా బురద.

"చెట్టు తెచ్చిన సారు ఇల్లు ఇదేనా? జానీమియా చెప్పిండు. కాయితం మీద నంబరు ఉన్నదట."

ఎవరో ఫిర్యాదు చేశారని నాకు అర్థమైంది. దానికి నేను సిద్ధంగా ఉన్నాను. లోపలికి పోయి కాగితం తెచ్చాను.

"సదవరాదు సారూ," అంది.

"నేను చదువుత, విను." గొంతు సవరించుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. నిమిత్తం, నివాసి, ఆక్షేపణ, ఒక్కటీ వదల్లేదు. ముప్పై ఏడు అన్న చోట వేలెత్తి చూపించాను కూడా. ఆమె గడపలో కూర్చుని చివరిదాకా మర్యాదగా విన్నది.

"అయిపోయిందా సారూ?"

"అయిపోయింది."

"గా చెట్టు కింద నా బిడ్డున్నది."

సుగుణ వంటింట్లో నుంచి తడి చేతులతో వచ్చి నిలబడిపోయింది.

ఆమె పేరు ఎల్లవ్వ. గుట్ట కింది పల్లె. కూలిపని. ఏడుపు లేకుండా చెప్పింది, అదే ఇబ్బంది.

"సమ్మక్క అని పేరు వెట్టుకున్నం. సమ్మి అంటుంటిమి. రెండేండ్లు నిండలే. జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోదుమని బస్సుకాడ నిలవడ్డం. బస్సు రాకముందే..." అని మోకాలి బురద గీరుకుంది. "మా ఊరోళ్లం పిల్లలు పోతే గాడనే పెడతం. సిన్న కుప్ప గదా సారూ, నక్కలు తోడుతయి. గందుకే మీద జెముడు వెట్టిన. గిటు కూలికి వచ్చినప్పుడల్ల నీళ్లు వోసి పెంచిన. అమాస అమాసకు పోయి ఇన్ని పాలు వోసి ఒక రాయి వెడత. నాకు లెక్క రాదు. రాళ్లే నా లెక్క."

ఏడు రాళ్లు. ఏడు అమావాస్యలు. నేను నోటుపుస్తకంలో రాసుకున్నది ఇంకొకరి లెక్క.

"కొట్లాటకు రాలే సారూ. నువ్వు తవ్వినంక వాన వడ్డది. అంత సాపైంది. ఏడున్నదో దొరుకుతలేదు. ఎల్లుండి అమాస. జాగ చూపెట్టు, నాకు అంతే."

నేనేదో అనబోయాను. 'రిజర్వుకు బయటనే కదా' అని ఉంటాను. సుగుణ నా మొహం చూసి, "నోరు మూస్కోని రాళ్లు ఏరుండ్రి," అంది.

ఏరాను. నాలుగు డ్రమ్ము చుట్టూ ఉన్నాయి. ఒకటి తలుపుకు అడ్డం పెట్టాము. ఒకటి మంచం కోడు కింద. ఏడోది నా కాగితం గాలికి ఎగిరిపోకుండా దాని మీద బరువుగా పెట్టుకున్నాను. అది తీస్తున్నప్పుడు సుగుణ వైపు చూడలేదు.

రిక్షాలో నాగజెముడు, ఎల్లవ్వ, సుగుణ. వెనక సైకిలు మీద నేను. దారి పొడుగునా నాకు ఒక్కటే ధైర్యం: నా దగ్గర కొలత ఉంది. జానీమియా మమ్మల్ని చూసి రాయి దగ్గరికి వచ్చాడు. ఎల్లవ్వ చెప్పినట్టే నేల అంతా చదునైపోయి, కొత్త గడ్డి మొలిచి ఉంది. నేను వైద్యుడిలా టేపు తీసి, కొస జానీమియాకిచ్చి రాయి మీద పట్టుకోమని ముప్పై ఏడు దాకా నడిచాను.

"ఇక్కడ," అన్నాను.

"ఎటు దిక్కు కొలిసినవ్ సారూ? ఇటా, గటా?" అన్నాడు జానీమియా.

అప్పుడు తెలిసింది. ముప్పై ఏడు అడుగులు అంటే ఒక చోటు కాదు. ఆ రాయి చుట్టూ గుండ్రటి గీత. నేను దూరం రాసుకున్నాను, దిక్కు రాసుకోలేదు. దొంగను కానని చెప్పుకోవడానికి ఒక్క కొలత చాలింది మరి. టేపు కొస పట్టుకుని గానుగెద్దులా రాయి చుట్టూ తిరిగాను. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి సుగుణ వచ్చి నా భుజం పట్టుకుని ఆపింది.

"ఎల్లవ్వా, నువ్వు ఎట్ల పోతుంటివి? నడిసి చూపెట్టు," అంది.

"గీ తుమ్మ చెట్టు కాడికెల్లి, గా గుట్ట మీది జోడు గుండ్లు చూస్కుంట సక్కగ నడుస్త. జెముడు కాలుకు తగిలితే ఆగుత. ఇప్పుడు తగిలేతందుకు జెముడు లేదు గదనమ్మా."

ఆమె దగ్గర దారి ఉంది, దూరం లేదు. నా దగ్గర దూరం ఉంది, దారి లేదు. నా జన్మలో అంత త్వరగా ఏ లెక్కా తేలలేదు.

"నడువు చెల్లే. మెల్లగ నడువు," అన్నాను.

ఎల్లవ్వ ఆ జంట బండరాళ్లు చూసుకుంటూ తుమ్మ చెట్టు నుంచి నడిచింది. నేను టేపు బిగించి ఆమె పక్కనే నడిచాను. నలభై ఆరు. నలభై ఒకటి. ముప్పై ఏడు. "ఆగు!" అన్నాను. ఆగింది. అక్కడితో ఊరుకుంటే నేను నేను కాను. ఆ దారే పట్టుకుని ముందుకు పోయి చూశాను. టేపు తగ్గి, రాయి పక్క నుంచి దాటి, మళ్లీ పెరిగి, అవతల ఇంకోచోట ముప్పై ఏడుకు వచ్చింది.

"రెండు జాగలున్నయి," అన్నాను. "ఇదన్న కావాలె, అదన్న కావాలె."

జానీమియా నన్ను జాలిగా చూశాడు. "అది అడివి లోపల సారూ. బయట ఉన్నదని నాతోని సంతకం గీయించుకున్నవ్ గదా!" అని, జేబులో నుంచి తన కాగితం తీసి చూపించాడు.

నేను తప్పు చేయలేదని రాయించుకున్న కాగితం, ఆ ఒక్కసారికి, ఒకరికి పనికొచ్చింది.

ఎల్లవ్వ ఆగిన చోటే మోకాళ్ల మీద కూర్చుని తడిమట్టిని వేళ్లతో గీరింది. వేలంత పొడుగు నాగజెముడు వేరు ముక్క బయటపడింది, నా గునపం తెంపిన చోట తెల్లగా. ఆమె దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. నేను నాటబోతే, "నువ్వు ముట్టకు సారూ," అంది, కోపం లేకుండానే. తనే నాటింది. ముళ్లు గుచ్చుకుంటున్నా లెక్కచేయలేదు. రాళ్లు ఒక్కొక్కటే పెట్టి నా వైపు తిరిగింది.

"ఏడు సరిపోయినయా?"

"సరిపోయినయి."

"ఎల్లుండి ఇంకోటి వెడత," అంది. లేచి చేతులు దులుపుకుని, "కొలుతలు మంచిగనే తీస్తవ్ సారూ," అంది.

తిడుతుందేమోనని దారి పొడుగునా భయపడ్డాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

ఇంటికి వచ్చి, ఇంకో కాగితం తీసి, రాశాను: 'కాజీపేట నివాసినైన నేను పూర్తి తెలివితో రాసి ఇచ్చునదేమనగా, ఇకమీదట ఈ భూమ్మీద ఏ జెముడునూ, నాగ అనీ బ్రహ్మ అనీ భేదం లేకుండా, అడవి లోపల గానీ బయట గానీ, ముప్పై ఏడు అడుగుల్లో గానీ ముప్పై ఏడు మైళ్లలో గానీ, తవ్వనని, తెంపనని, దారిలో ఎదురైతే సైకిలు దిగి నమస్కరించి పోగలవాడనని ప్రమాణం.' సాక్షి సంతకానికి సుగుణకు ఇచ్చాను.

ఆమె నిదానంగా చదివి, కలం తీసుకోకుండా వెనక్కి ఇచ్చింది.

"ఇంకో ముక్క తక్కువున్నది. 'ఎంత దూరం' అని కొలిచేముందు 'ఎవలది' అని అడుగుత అని రాయుండ్రి. గప్పుడు వెడత సంతకం."

రాశాను. పెట్టింది. ఖాళీ డ్రమ్ములో మర్నాడే గులాబీ నాటింది. రోజుకు రెండు చెంబులు పోస్తుంది. ఆ మొక్క ఎక్కడిదని అడిగాను. వాళ్ల అక్క ఇచ్చిందట. 'కాగితం ఉందా' అనబోయి, మింగేశాను.