ఉత్తరపు ఎండ

హామిల్టన్ ఊరి చివర మా ఇంటి కంచె దాటితే అంతా గడ్డి మైదానమే. వచ్చిన కొత్తల్లో ఆ ఖాళీని చూస్తే గుండె జారిపోయేది. తర్వాత్తర్వాత దాన్నే బొమ్మలుగా వేయడం మొదలుపెట్టాను. ఈ దేశం నాకిచ్చిన వాటిలో ఆ పచ్చిక మొదటిది. రోజూ దానికి ఓ దణ్ణం పెట్టుకునే కుంచె పట్టుకుంటాను.

ఆ పచ్చిక పక్కింటి పెద్దావిడది. భర్త పోయాక పొలాన్ని ఇళ్ల స్థలాలకు అమ్మేశారు. ఆవిడ వృద్ధాశ్రమానికి మారబోతూ నన్నొక బొమ్మ అడిగారు.

"శీతాకాలం పొద్దున్న మా వంటింటి కిటికీలోంచి ఎలా ఉంటుందో అలా వేసిపెట్టు, డియర్. అక్కడ పడుకుని చూసుకుంటాను."

ఆ రోజుల్లో ఒకటే ముసురు. ఆవిడ వంటింట్లో తూర్పు కిటికీ దగ్గర నిలబడి గేటూ, షెడ్డూ, మధ్యలో దూరంగా సాగిపోయే చెట్ల వరుసా గీసుకొచ్చాను. ఎండా నీడా ఇంట్లో కూర్చుని నింపాను. నేను బడికి వెళ్లి నేర్చుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండక చదువూ, రంగులూ అన్నీ నాన్నగారి దగ్గరే. "చలికాలం ఎండ దక్షిణం నుంచి వాలుతుందమ్మా, నీడ ఉత్తరానికి పడాలి" అనేవారు. నా చెయ్యి ఆ మాటే విన్నది.

రంగులు ఆరాక తీసుకెళ్లి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చూశారు.

"అందంగా ఉంది" అన్నారు. మళ్లీ చూసి, "కానీ ఇది మా చోటు కాదు. ఎందుకో చెప్పలేను" అన్నారు, తనదే తప్పన్నట్టు.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఎల్లుండే ఆవిడ ప్రయాణం.

మర్నాడు ఆకాశం విచ్చింది. పెరట్లో తూర్పుకు తిరిగి సూర్యుడికి అర్ఘ్యం వదులుతున్నాను. ఎండ ఎడమ చెంప మీద పడుతోంది. ఇన్నేళ్లుగా రోజూ పడుతున్నదే. ఎడమంటే ఉత్తరం! భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం మీదుగా కదా నడుస్తాడు! కంచె అవతల చెట్లకు కుడిపక్క, నీడలో, గడ్డి మంచు కప్పుకుని తెల్లగా ఉంది. ఎడమపక్క అప్పుడే కరిగి మెరుస్తోంది. స్వామి నా చెంప మీద రోజూ చెబుతూనే ఉన్నా చేతికి అందలేదు. చెంబుతోనే లోపలికి పరుగెత్తాను.

సంగతి విని మా అమ్మాయి ఒకటే నవ్వు. "అమ్మా, ఎయిర్‌పోర్ట్‌లో పచ్చళ్లన్నీ డిక్లేర్ చేశావ్, ఇండియా సన్ మాత్రం సైలెంట్‌గా తెచ్చేశావా?"

"నవ్వకే. పెద్దావిడకి రేపే ప్రయాణం."

"సారీ, సారీ. వంట నేను చేస్తాలే, నువ్వు పెయింట్ చెయ్."

ఎడమవైపు నీడ చెరిపి వెలుగు నింపాను. కుడివైపు, ఆరిన పచ్చరంగు మీద, తెల్లటి మంచు పరిచాను.

తెల్లారి తడి బొమ్మనే పట్టుకెళ్లాను. ఆవిడ కోటు తొడుక్కుని, అట్టపెట్టెల మధ్య సిద్ధంగా కూర్చుని ఉన్నారు. బొమ్మ చూడగానే లేచి దగ్గరికొచ్చారు.

"ఆయన ఇలా వెళ్లేవాడు." గేటు దగ్గర వేలు ఆనించారు. "నేను లేచేసరికి మనిషి కనిపించడు. గమ్‌బూట్లతో మంచు తొక్కిన చోటల్లా గడ్డి పచ్చగా బయటపడేది. అది చూసి, ఎటు వెళ్లాడో తెలుసుకునేదాన్ని."

వేలు నడిచిన మేరంతా తెల్లరంగు లేచిపోయి అడుగున పచ్చదనం తేలింది. ఆపబోయి ఊరుకున్నాను. నేను వేయలేని దారి అది. వేలు మెల్లగా చెట్ల నీడ వెంట సాగి, షెడ్డు తలుపు దగ్గర ఆగింది. అక్కడే కాసేపు ఉంది. మనసులో స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.

ఆవిడ వేలికంటిన రంగు తుడుద్దామని గుడ్డ తీస్తే, "ఉండనీ, డియర్" అన్నారు. కారెక్కేటప్పుడు కూడా ఆ చేతిని కోటుకు తగలకుండా ఎడంగా పట్టుకునే ఉన్నారు.