తెల్ల పిల్లిపిల్ల ఎవరిది?

నాలుగేళ్లుగా మా కుటుంబం గ్రూపులో నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకూ ఎవరూ జవాబివ్వలేదు. పొద్దున్నే మందారపువ్వు బొమ్మ పెట్టి శుభోదయం అంటే పదిమంది దండాలు పెడతారు. ఎవరి మనవడికో పాలపన్ను ఊడితే ఇరవైమంది అభినందిస్తారు. నా ప్రశ్నను మాత్రం అందరూ చూస్తారు, చూసి ఊరుకుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

తెనాలిలో మా ఇంటికి ఒక ముసురు రోజున బూడిదరంగు పిల్లి వచ్చింది. ఎవరూ పిలవలేదు. అటక మీద మిక్సీ తాలూకు ఖాళీ అట్టపెట్టెలో మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి నల్లది, ఒకటి చారలది, ఒకటి తెల్లది. మా ఆవిడకు పిల్లులంటే గిట్టదు.

"కాస్త పెద్దవవగానే మూడింటినీ ఎవరికైనా ఇచ్చెయ్యాలండి" అంది.

రెండింటికి ఒప్పుకున్నాను. తెల్లది అప్పటికే నా చెప్పుల మీద పడుకోవడం అలవాటు చేసుకుంది. ఆ ఇంట్లో నా వస్తువుకు అంత మర్యాద ఇచ్చిన ప్రాణి అంతకుముందు లేదు. దాన్ని వదులుకునే మాటే లేదు.

ఆ సంగతే గ్రూపులో పెట్టాను. టైపు చెయ్యాలంటే నాకు ఆ చిన్న అక్షరాలు ఆనవు కాబట్టి ఫోనుకు నోటితో చెప్పాను: "తెల్ల పిల్లిపిల్ల నాది. దాన్ని ఎవరికీ ఇవ్వను. మిగతా రెండూ కావలసినవాళ్లు తీసుకెళ్లండి." ఫోను మాత్రం "తెల్ల పెళ్లిపిల్ల నాది" అని రాసుకుంది. నేను చదవకుండానే పంపేశాను.

ఇక మొదలైంది. బాపట్ల నుంచి మా చెల్లెలు, "అన్నయ్యా, ఈ సంగతి వదినకు తెలుసా?" అంది. రేపల్లె నుంచి మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, "ముహూర్తం ఎప్పుడు తమ్ముడూ?" అన్నాడు. పెళ్లి కాదు, పిల్లి అని సవరణ పంపాను. నవ్వు బొమ్మల వరదలో అది కొట్టుకుపోయింది.

నల్లదాన్ని చెల్లెలు వచ్చి, నన్ను అడిగి మరీ తీసుకెళ్లింది. అడిగి తీసుకెళ్లడం అనే పద్ధతి ఒకటి లోకంలో ఉందని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. బాపట్లలో అది రోజూ మా బావగారు ఆఫీసుకు బయల్దేరే వేళకు గుమ్మం ముందు అడ్డంగా నడుస్తుంది. ఆయన వెనక్కి వచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ లేస్తారు. అదీ మళ్లీ నడుస్తుంది. ఇప్పుడాయన పెరటి తలుపు తీసుకుని సొంత ఇంట్లోంచి దొంగలా వెళ్తున్నారట.

ఆ తర్వాతి ఆదివారం మా ఆవిడ నన్నొక్కణ్ణే చీరాలలో ఒక పెళ్లికి పంపింది. సాయంత్రం తిరిగొచ్చి చెప్పులు విప్పాను. వాటి మీదికి ఎవరూ రాలేదు.

"తెల్లదేదీ?"

"మా అక్కా బావా వచ్చి తీసుకెళ్లారండి. మూతున్న బుట్ట కూడా తెచ్చుకున్నారు."

"అది నాదని చెప్పానా లేదా?"

"పెళ్లిపిల్ల మీదన్నారు. పిల్లి మీదని ఎప్పుడన్నారు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వారం ఆగి, నేనూ ఒక మూత బుట్ట కొనుక్కుని రేపల్లె రైలెక్కాను. మా ఆవిడ అక్క, నాకు వదినగారు, గుమ్మంలోనే ఎదురయ్యారు.

"రండి రండి మరిదిగారూ. పిల్లని చూసుకోడానికొచ్చారా?"

లోపల పేపరు చదువుతున్న తోడల్లుడు తల ఎత్తకుండానే, "ఓ పాట పాడమందాం తమ్ముడూ. వంటొచ్చో లేదో కూడా ఇప్పుడే అడిగెయ్" అన్నాడు.

తెల్లది వచ్చింది. బుట్టను వాసన చూసింది. ఎవరూ చెప్పకుండానే అందులోకి దూకి చుట్ట చుట్టుకుని పడుకుంది.

"చూశారా! తనెవరిదో అదే చెప్పింది" అని మూత వేసి తాడు కట్టాను.

వదినగారు ఏమాత్రం కంగారు పడలేదు. "సంతోషమండి. రైలుకింకా టైముందిగా, భోంచేసి వెళ్లండి" అని వంటింట్లోకి వెళ్లారు. పెనం మీద చేపముక్కలు చుయ్యిమన్నాయి. బుట్ట కదలడం మొదలుపెట్టింది. తర్వాత అరిచింది. తర్వాత బుట్టే దొర్లుకుంటూ వంటింటి వైపు పోసాగింది. చూడలేక తాడు విప్పాను. తెల్లది నా వైపైనా చూడకుండా వెళ్లి వదినగారి కాళ్లకు రాసుకుంది. ఆవిడ ఒక చేప తల కింద పడేసి, "మళ్లీ చెప్పిందండి, ఎవరిదో" అన్నారు. నేను నాలుగు ముక్కలు తిన్నాను. అది వేరే విషయం.

విస్తరి ముందే ఫోను తీసి చూపించాను. నా మెసేజి కింద అందరూ పెళ్లి జోకులు వేస్తుంటే, ఈవిడ మాత్రం ఆ రోజే ఒక ప్రశ్న అడిగారు: "తోక కూడా తెల్లగానే ఉంటుందా మరిదిగారూ?" పెళ్లిపిల్ల గురించి ఎవరైనా అడిగే మాటేనా ఇది? అంటే ఆవిడకు మొదటే అర్థమైంది. తెల్లది నాదనీ, ఎవరికీ ఇవ్వననీ తెలిసే, నేను చీరాలలో ఉండే రోజు చూసుకుని బుట్టతో దిగారు. ఇదే అడిగాను.

"ఇంకో ముక్క వెయ్యనా?" అన్నారు.

ఈ నాలుగేళ్లలో నాకు దక్కిన సమాధానం అదొక్కటే.

చారలది మా ఇంట్లోనే మిగిలిపోయింది. పిల్లులంటే గిట్టని మా ఆవిడ దానికి పెరుగన్నం కలిపి, మెత్తగా ఉందో లేదో వేలితో చూసి మరీ పెడుతుంది. మిగిలిన పెరుగు నాది.

మొన్న రేపల్లె నుంచి గ్రూపులోకి ఫోటో వచ్చింది. తెల్లది పిల్లల్ని పెట్టింది. నాలుగింటిలో ఒకటి అచ్చం తల్లే. "ఇది మరిదిగారి కోసం ఉంచాను, వచ్చి తీసుకెళ్లండి" అని వదినగారు రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. "ఇంకా ఏంటండీ ఈ పంతం, వెళ్లి తెచ్చుకోండి" అంటోంది మా ఆవిడ.

నాకది కావాలి. ఆ ఫోటో రోజుకెన్నిసార్లు తీసి చూస్తున్నానో చెప్పను. కానీ కానుకగా పుచ్చుకోను. నాది నాకు తిరిగొచ్చినట్టు రావాలి. బుట్ట తుడిచి సిద్ధంగానే పెట్టాను. అది మీ ఇంటి చేపలకు అలవాటు పడకముందే తేల్చండి వదినగారూ. ఆ రోజు తెలిసే తీసుకెళ్లారా, లేదా? నవ్వు బొమ్మలు వద్దు, భోజనానికి రమ్మనడం వద్దు. గ్రూపులో, అందరి ముందూ, ఔనో కాదో ఒక్క మాట రాయండి.