సాంచాల చప్పుడు, మూడు సెకన్లు

మొన్న ఆదివారం జగిత్యాలలో మా మనుమరాలి బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడటానికి పోయాను. ఆట మొదలైన కాసేపటికే రిఫరీ ఈల ఊది, మనుమరాలి వైపు మూడు వేళ్ళు చూపించి, బంతిని అవతలి జట్టుకు ఇచ్చేశాడు. పిల్ల ఎవరినీ తోయలేదు, బంతి కూడా దాని చేతిలో లేదు, మరి ఏం తప్పు చేసిందని పక్కన కూర్చున్న మా అల్లుడు నన్ను అడిగాడు. నిలబడింది నాయనా, అదే తప్పు అని చెప్పి నేను నవ్వుకున్నాను, ఎందుకంటే ఆ తప్పు మా ఇంటికి కొత్తది కాదు.

మన జట్టు చేతిలో బంతి ఉన్నంతసేపు, ఎదుటివాళ్ళ బుట్ట కింద గీసిన గడిలో మూడు సెకన్లకు మించి నిలబడకూడదు. పొడుగువాళ్ళు అక్కడే పాతుకుపోతే పొట్టివాళ్ళు ఆడేదెట్లా అని ఆ నియమం పెట్టారు. మా రోజుల్లో ఆ గడి బుట్ట వైపు వెడల్పుగా, అచ్చం చాటలాగా ఉండేది. సున్నంతో దాన్ని గీసేటప్పుడు మా డ్రిల్లు సారు కూడా చాట అనే అనేవారు. నాకు మాత్రం ఆ మాట వింటేనే భయం. అమ్మ ఒళ్ళో పొద్దస్తమానం ఉండే, బీడీలు చుట్టే చాట గుర్తొచ్చేది. పదో తరగతి కాగానే నన్ను కూడా చాట పట్టించి తన పక్కన కూర్చోబెట్టుకోవాలని అమ్మ పట్టు. ఆ ఏడు జగిత్యాలలో మా బడి ఆడబోయే మ్యాచ్‌లో గెలిస్తే పైచదువు, ఆట, ఓడితే చాట అని చివరికి ఒప్పందమైంది. ఆ మాటకు మా బాపు, అంటే మా నాన్నే సాక్షి.

సిరిసిల్లలో మా బడి గోడకు అవతలే సాంచాల షెడ్డు. మరమగ్గాలను మేము సాంచాలనే అంటాం. బాపు అక్కడే పని చేసేవాడు. మనసులో ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకొమ్మని సారు చెప్పేవారు గానీ నేనెప్పుడైనా లెక్కపెడితేనా! గోడ దగ్గరి సాంచ నాలుగు దెబ్బలు వేసేసరికి ఎగిరి గడి బయట పడేదాన్ని. సాంచ దెబ్బ సెకను కంటే చురుకు కాబట్టి ఒక్కనాడూ నాకు ఈల పడలేదు. కరెంటు పోయిన రోజు మాత్రం గడిలోనే మొద్దులా నిలబడిపోయేదాన్ని, అది ఎందుకో అప్పటికి నాకే తెలియదు.

జగిత్యాల మైదానంలో సాంచాలు ఎక్కడివి! మా ప్రత్యర్థులు కోరుట్ల పిల్లలు, వాళ్ళు గాలిలా తిరుగుతున్నారు, నేనేమో బుట్ట కింద నిలబడి ఈల మీద ఈల పడేట్టు చేశాను. సగం ఆట అయ్యేసరికి మేము వెనకబడ్డాం, నన్ను మార్చే ఆలోచనలో సారు ఉన్నారు. కూలి వదులుకొని వచ్చిన బాపు గీత దాకా వచ్చి ఏమైందని అడిగితే, నియమం చెప్పి, ఇక్కడ సాంచాల చప్పుడు ఇనవస్తలేదని నాకు తెలియకుండానే అనేశాను. బాపు నా మొహం చూసి మెల్లగా అన్నాడు.

"నేను దినాం పన్నెండు గంటలు నిలవడితె ఎవ్వలేమనరు, నువ్వు మూడు సెకన్లు నిలవడితె తప్పంటున్నరా బిడ్డా?"

అని, సద్ది తెచ్చుకున్న స్టీలు టిఫిను పట్టుకొని పోయి బుట్ట వెనక నిలుచున్నాడు. ఆట మళ్ళీ మొదలవగానే దాని మూత మీద టక్‌టక్‌మని అచ్చం సాంచ దెబ్బలు వేయసాగాడు. జనం ఉత్సాహం కొద్దీ కొడుతున్నాడనుకొని తామూ చప్పట్లు కలిపారు. నా కాళ్ళు వాటంతట అవే లోపలికీ బయటికీ నడిచాయి. ఒక్క బుట్ట తేడాతో గెలిచాం. ఇంటికొచ్చాక సంగతంతా విన్న అమ్మ, మూతకు పడ్డ సొట్టలు చూసి బాపును నాలుగు తిట్టింది కానీ చాట మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ పుణ్యమే, పెద్దయ్యాక కోరుట్లలో డ్రిల్లు టీచరునై ఇరవై ఏళ్ళకు పైగా అదే గడి పిల్లలకు గీసిచ్చాను. మేము ఓడించిన ఊరే నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు గడి నాలుగు మూలలూ సమంగా ఉంది, చాట పోలిక పోయింది. సిరిసిల్లలో మా బడి గోడ అవతలి షెడ్డు మూతపడి ఏళ్ళయింది, బాపు అంతకంటే ముందే పోయాడు. మొన్న నా చేతిలోని నీళ్ళ సీసా మీద నా వేళ్ళు దెబ్బలు వేస్తున్నాయని నేను గమనించనే లేదు. విరామంలో మనుమరాలు చెమటతో వచ్చి నా ఒళ్ళో వాలింది.

"అమ్మమ్మా, నువ్వు కొట్టేది మంచిగుంది గని సరిగ ఇనవస్తలేదు, జర గట్టిగ కొట్టు."

ప్లాస్టిక్ సీసాకు ఆ చప్పుడెక్కడిది! ఇంటికి రాగానే అటక మీది నుంచి బాపు టిఫిను దింపించి, సొట్టల మూత తోమి పెట్టుకున్నాను. వచ్చే మ్యాచ్‌కు బుట్ట వెనక నేనే నిలబడతాను. అక్కడ ఎంతసేపు నిలబడ్డా ఎవరూ ఈల ఊదరు.